వాలు పలకలకు డవ్‌టెయిల్ అతుకు

రాగుల సంచి తలపై పెట్టుకొని పిండిమరకు పోయివచ్చిన అనుభవము కోలారు జిల్లాలో పెరిగిన బాలబాలికలలో అనేకులకు కలదు. అచ్చట తిరుగు రాళ్ళకు పైన ఒక కొయ్య తొట్టి నిలిచియుండుటను మీరు చూచియుందురు. దాని నోరు వెడల్పు, అడుగు ఇరుకు. నాలుగు పలకలును వెలుపలికి వాలియుండును. పైన పోసిన గింజ తనంతట తాను జారి రాతిమధ్యమునకు చేరును. ఆ తొట్టిని చూచినవారు వేలకొలది యుందురు గాని, ఆ నాలుగు మూలలు ఎట్లు కూడినవని వంగి చూచినవారు కొలదిమందియే.

మేము వంగి చూచుటకు ఒక కారణము కలిగినది. మా చిన్ననాట ఒక పల్లెలోని పిండిమర తొట్టికి మూలలయందు మేకులు మాత్రమే కొట్టియుండిరి. మర నడచినంతసేపును తొట్టి వణకుచుండును. వణకుడునకు మేకుల రంధ్రములు క్రమముగా పెద్దవై, ఒకనాడు ఒక మేకు ఊడి గింజతో పాటు రాతిలో పడినది. నిప్పురవ్వలు లేచినవి, రాతి పండ్లు చెడినవి, ఆనాటి పిండి యంతయు పారబోయవలసి వచ్చినది. తరువాత ఒక వృద్ధుడైన ఆచారి వచ్చి మేకు అను మాటయే లేకుండ క్రొత్త తొట్టిని చేసి యిచ్చెను. ఆ మూలలయందు కొయ్య కొయ్యనే పట్టుకొనియుండెను. ఆ పట్టునకే డవ్‌టెయిల్ అతుకు అని పేరు. నిలువు పలకల పెట్టెకు ఈ అతుకు వేయుట చాలమందికి తెలియును. వాలు పలకలకు వేయుట వేరు విద్య. ఈ పాఠమున మేము చెప్పబోవునది దానినే.

అతుకు స్వరూపము

డవ్ అనగా పావురము, టెయిల్ అనగా తోక. పావురము తోక విప్పినప్పుడు మొదట సన్నముగాను, చివర వెడల్పుగాను ఉండును గదా. ఒక పలక కొనను అట్టి ఆకారముగల ముక్కలుగా కోయుదురు. వీనిని తోకలందురు. రెండవ పలక కొనను ఆ తోకల సందులలో సరిపోవునట్లు కోసిన ముక్కలను పిన్నులందురు. ఇంగ్లీషువారికి ఇది పావురపు తోకగా తోచినది. ఫ్రెంచివారును, జర్మనులును దీనిని వానకోయిల తోక యని పిలుతురు. పేరు ఏదైనను పని ఒక్కటే. ప్రాచీన ఈజిప్టుదేశపు కొయ్య సామానులలో సైతము ఈ అతుకు కనిపించుచున్నది.

ఈ అతుకు బలమెచ్చట నున్నదో మొదట గ్రహింపవలయును. తోక చివర వెడల్పు, మొదట ఇరుకు. కనుక తోకలుగల పలకను దాని పొడవు దిక్కుగా ఎంత లాగినను పిన్నుల మధ్యనుండి అది వెలుపలికి రాదు. ఒక్క దిక్కున మాత్రమే, అనగా కూర్చినప్పుడు ఏ దారిని వచ్చెనో ఆ దారినే, అది తిరిగి పోగలదు. ఆ దారిని కొంచెము బంకతో మూసినచో అతుకు స్థిరమైనది. మేకు వలె ఇది ఒకే చోట కొయ్యను పీడింపదు. భారమును మూల పొడవునను పంచును.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. మన గనులలో బండను నిలుపుటకు తొలినాళ్ళలో కొయ్య దూలములనే నిలిపిరి గదా, అందును ఈ అతుకే వాడిరా యని అడుగుదురేమో. దానికి ఇది తగదు. లాగు బలమునకు ఎదురు నిలుచుటకు డవ్‌టెయిల్ పుట్టినది. అణచు బలమునకు కాదు. పైబండ బరువును మోయు దూలమునకు సూటియైన గంటు చాలును. లోతు పెరిగి బండపేలుళ్ళు మిక్కుటమైన పిదప గనులలో కొయ్యకు మారుగా గ్రానైటు రాళ్ళ కట్టడములును, ఉక్కును వచ్చినవి. ఏ బలము ఏ దిక్కున వచ్చుచున్నదో తెలిసిన తరువాతనే అతుకును ఎన్నుకొనవలయును.

మేము చేసిన రెండు తప్పులు

నిలువు పెట్టెలు చేయుట కొంత నేర్చిన తరువాత వాలు పలకల తట్ట యొకటి చేయబూనితిమి. శ్రీనివాసపురపు మామిడిపండ్లు పోసుకొనుటకు తగినదిగా నుండవలెనని మా కోరిక. పలకల కొనలను కంటికి బాగున్నంత వాలుగా కోసి, నిలువు పెట్టెలకు వాడెడి అట్టముక్కనే ఆ వాలు కొనకు ఆనించి తోకలను గీసితిమి. రంపముతో కోసి కూర్చబోగా రెండు సంగతులు జరిగినవి.

మొదటిది, కొడతితో మెల్లగా తట్టినంతనే ప్రతి తోకకును ఒక మూల పెచ్చువలె చీలి పడినది. రెండవది, చీలని తోకలు సహితము వెలుపలివైపు తాకి లోపలివైపు సందు విడిచినవి. పలకలు మంచి టేకువి, రంపము పదునైనది, చేయి వణకలేదు. అయినను పని చెడినది. కొయ్యను నిందించితిమి, ఉలిని నిందించితిమి. కారణము మాత్రము గీతలలో నున్నది.

తోక చీలుటకు కారణమిది. కొయ్యకు నార కలదు. అది పలక పొడవున అంచునకు సమాంతరముగా నడచును. నార తోక మొదటినుండి చివరివరకు తెగక నడచినప్పుడే తోకకు బలము. మేము అట్టముక్కను వాలు కొనకు ఆనించినందున తోక మొత్తమును ప్రక్కకు తిరిగినది. దాని యొక ప్రక్క నారకు సుమారు 30 డిగ్రీలు అడ్డముగా పోయినది. ఆ మూలలో నార కురుచయై, తోక మొదటితో సంబంధము లేనిదై, తట్టినంతనే రాలినది.

సందు విడుచుటకు కారణము వేరు. తట్టను పైనుండి చూచినచో మూల 90 డిగ్రీలుగా కనిపించును. కావున పలకల కొనలను ముఖములకు సూటిగా 90 డిగ్రీలకు కోసితిమి. కాని వెలుపలికి వాలిన రెండు పలకల మధ్య నిజమైన కోణము 90 కాదు, అంతకు మించును. ఎంత మించునో లెక్కతో తెలిసికొనవలసినదే గాని కంటితో తెలిసికొనరానిది.

బంగారు గనులు నేర్పు పాఠము

ఈ చిక్కును విడదీయుటకు దూరదేశపు గ్రంథము అక్కరలేదు. మన కాళ్ళక్రింది నేలయే చాలును. కోలారు గనులలో ప్రధానమైన చాంపియన్ రీఫు ఉత్తర దక్షిణములుగా సాగుచు పడమటికి వాలియుండును. లోతునకు పోవుకొలది ఆ వాలు నిటారునకు సమీపించును. బంగారము గల ఈ రాతిపొర యనునది ఒక వాలు పలకయే గదా. దానిని కొలుచుటకు భూగర్భశాస్త్రజ్ఞులు రెండు సంగతులను చూతురు. ఆ వాలు పలకపై నేలకు సమాంతరముగా గీయగల గీత ఏ దిక్కునకు పోవుచున్నదనునది మొదటిది. ఆ గీతకు సూటిగా అడ్డముగా దిగినచో వాలు ఎంత యనునది రెండవది.

రెండవ మాటలోని 'సూటిగా అడ్డముగా' అనునది ముఖ్యము. అట్లు దిగినప్పుడే నిజమైన వాలు తెలియును. ఓరగా దిగినచో అంతకంటె తక్కువ వాలే కనిపించును. కొండ నెక్కు బండి బాట సూటిగా పోక చుట్టి పోవుటకు కారణమిదియే. ఓరగా తవ్విన సొరంగములో నిలిచి రీఫును చూచిన మనుష్యునకు నిజమైన వాలు కంటె తక్కువ వాలు కనిపించును. దానినే నిజమని నమ్మి లెక్క వేసినచో రీఫు ఒక చోట, తవ్వకము మరియొక చోట అగును.

గనులలో పనిచేసిన మన తాతలు 'ఫలానా లెవెలులో పని' అని చెప్పుకొనెడివారు. రీఫు వెంట ఒకే ఎత్తున సాగు సొరంగమే లెవెలు. అనగా వాలు పలకపై గీసిన నేలగీత యన్నమాట. అన్ని కొలతలకును అదియే ఆధారము. మన తట్ట పలకకు కూడ అట్టి నేలగీత కలదు. పైయంచును, అడుగంచును నేలకు సమాంతరముగా నుండునవి గదా! కావున ఈ పాఠమునకు సూత్ర మొక్కటియే: ప్రతి గీతకును అంచును ఆధారముగా గొనవలయును, వాలు కొనను కాదు. మేము చేసిన మొదటి తప్పు ఈ సూత్రమును మరచుటయే.

లెక్క

బళ్ళో నేర్చిన 5, 12, 13 త్రిభుజమును తలచుకొనుడు. మన తట్ట ఎత్తు 12 సెంటీమీటర్లు. ఆ ఎత్తున ప్రతి పలకయు 5 సెంటీమీటర్లు వెలుపలికి వాలును. అప్పుడు పలక వాలు వెడల్పు 13 సెంటీమీటర్లగును. పలక నిటారునుండి వాలిన కోణము సుమారు 22.6 డిగ్రీలు. అడుగున వెలుపలి కొలత 30 సెంటీమీటర్లనుకొనినచో, పైన రెండు ప్రక్కల 5 చొప్పున పెరిగి 40 సెంటీమీటర్లగును.

ఇప్పుడు ఒక పలకను విడదీసి బల్లపై పరచినట్లు భావింపుడు. అది సమలంబ చతుర్భుజము. అడుగు 30, పై భాగము 40, వెడల్పు 13. కావున కొన కోతకు వాలు 13కు 5. అనగా అడ్డముగా గీసిన సూటిగీతనుండి సుమారు 21 డిగ్రీలు. ఇది 22.6 కాదని గమనింపుడు. తట్టను ప్రక్కనుండి చూచి కోణమును కొలిచి అదే కోణమును పలకపై గీయువారు ఇచ్చటనే తప్పుదురు. నిలిచియున్న తట్టకు 12కు 5 నిజము; పరచిన పలకకు 13కు 5 నిజము.

మూల దగ్గర రెండు వెలుపలి ముఖముల నడుమ కోణము సుమారు 98½ డిగ్రీలు. మా రెండవ తట్టను కూర్చునప్పుడు ఈ 8½ డిగ్రీల భేదమును దిద్దుకొంటిమి, సందు మాయమైనది.

కొయ్య, పనిముట్లు

పలక దళసరి 12 మిల్లీమీటర్లు ఉండవలయును. టేకు గాని, పనస గాని, బాగుగా ఆరిన వేప గాని తగును. మన జిల్లాలో నీలగిరి చెట్లు విస్తారమే గాని, ఆ కొయ్య ఆరునప్పుడు మెలిపడి చీలునది కనుక నేర్చుకొనువారికి తగదు. ముడులు లేని, నార తిన్నగా నడచు పలకను ఏరుకొనుడు. బెవెల్ కోతకు కొంత కొయ్య పోవును గనుక వెడల్పు 13½ సెంటీమీటర్లు, పొడవు 42 సెంటీమీటర్లు గల నాలుగు పలకలు కావలయును.

పనిముట్లలో చిత్రిక, మూలమట్టము, గీతకత్తి, వీపున ఇనుపపట్టీ గల సన్నపండ్ల రంపము, రెండు ఉలులు, కొడతి, వైసు ముఖ్యములు. వీనికి తోడు బెవెల్ కావలయును. ఇది మూలమట్టము వంటిదే గాని దీని రెక్క కదలును. కోరిన కోణమున బిగించుకొనవచ్చును. బెవెల్‌ను అమర్చుటకు డిగ్రీల పలక అవసరము లేదు. ఒక కాగితముపై 12కు 5 కొలతతో నొక కోణమును, 13కు 5 కొలతతో మరియొక కోణమును గీసి, బెవెల్‌ను వానిపై ఆనించి బిగించినచో చాలును. పనివారు తరతరాలుగా చేయుచున్న పద్ధతి ఇదియే.

పని క్రమము

1. అంచుల కోత. మొదట పలకల పైయంచును, అడుగంచును చిత్రిక పట్టవలయును. ఇవి ముఖమునకు సూటిగా ఉండరాదు. తట్ట నిలిచినప్పుడు అంచులు బల్లపై చదునుగా కూర్చుండునట్లు వాలుగా నుండవలయును. బెవెల్‌ను 12కు 5 కోణమున అమర్చి దానితో సరిచూచుకొనుడు. రెండంచులును ఒకదానికొకటి సమాంతరముగా, ముఖముపై 13 సెంటీమీటర్ల ఎడమున నుండవలయును. ఈ పని మొదట చేయుటవలన గొప్ప లాభము కలదు. అంచు నేలకు సమాంతరమైన తరువాత, ఆ అంచుపై అడ్డముగా గీయవలసిన గీత మామూలు మూలమట్టముతోనే సూటిగా గీయవచ్చును. ఏలయనగా తట్టను నేలకు సమాంతరముగా ఎచ్చట కోసినను అది నిజమైన చతురస్రమే.

2. కొనల గీతలు. ప్రతి పలకకును వెలుపలి ముఖమున ఒక గుర్తు పెట్టుడు. కూడవలసిన మూలలకు 1-1, 2-2, 3-3, 4-4 అని అంకెలు వేయుడు. పిమ్మట బెవెల్‌ను 13కు 5 కోణమున అమర్చి, అంచున కానించి, వెలుపలి ముఖముపై వాలుగీత గీయుడు. దాని చివరలనుండి రెండంచులపై మూలమట్టముతో సూటిగీతలు గీసి, లోపలి ముఖముపై మరల బెవెల్‌తో వాలుగీత గీసినచో నాలుగు గీతలును కలిసికొనును. కలియకున్నచో అంచుల వాలు తప్పినదని తెలిసికొని అప్పుడే సరిదిద్దుకొనుడు. ఆ నాలుగు గీతలను అనుసరించి కొనను కోసి చిత్రిక పట్టినచో 98½ డిగ్రీల మూల తనంతట తానే వచ్చును. దానిని వేరుగా కొలువనక్కరలేదు.

3. ఆపుగీత. తోక లోతు ఎచ్చట ఆగవలెనో చూపునది ఆపుగీత. నిలువు పెట్టెలో ఇది పలక దళసరికి సమానము. ఇచ్చట పలక వాలియున్నది గనుక అంచు వెంబడి కొలిచినప్పుడు 12 మిల్లీమీటర్ల దళసరికి 13 మిల్లీమీటర్లు వచ్చును. కొననుండి అంచు వెంబడి 13 మిల్లీమీటర్లు కొలిచి, వాలు కొనకు సమాంతరముగా రెండు ముఖములపైనను కత్తితో గీయుడు.

4. తోకల గీతలు. ఎదురెదురుగా నుండు రెండు పలకలకు తోకలు, తక్కిన రెంటికి పిన్నులు. 13 సెంటీమీటర్ల వెడల్పునకు మూడు తోకలు చాలును. పైనను క్రిందను సగము పిన్నులు వచ్చును. తోకకు మధ్యగా అంచునకు సమాంతరముగా ఒక గీత నూహింపుడు. ఆ గీతకు ఇరుప్రక్కల 8కి 1 చొప్పున తోక విచ్చుకొనవలయును. మెత్తని కొయ్యకైనచో 6కు 1. కాగితముపై అంచును, వాలు కొనను, అంచునకు సమాంతరమైన గీతను, దానికి ఇరుప్రక్కల తోక ప్రక్కలను గీసికొనినచో, కొనతో ఒక ప్రక్క ఒక కోణమును, రెండవ ప్రక్క వేరొక కోణమును చేయుచున్నట్లు కనిపించును. కావున బెవెల్‌ను రెండుమారులు అమర్చవలయును: మొదట తోకలన్నిటి పై ప్రక్కలకు, తరువాత తోకలన్నిటి క్రింది ప్రక్కలకు. చూపునకు తోక వంకరగా నున్నట్లు తోచును. భయపడకుడు. నారకు అది తిన్ననే.

5. కొనపై గీతలు. తోక గీతలను కొన దళసరిపై దాటించునప్పుడు ముఖమునకు సూటిగా గీయరాదు. వాలుగా చిత్రిక పట్టిన అంచు కొనపై ఏ దిక్కున కనిపించుచున్నదో, ఆ దిక్కునకే సమాంతరముగా గీయవలయును. తోకలు పిన్నుల నడుమకు జారివచ్చు దారి అదియే. ఈ గీత తప్పినచో ప్రతి తోకయు మంచిదే యైనను అతుకు కూడదు.

6. కోత. పలకను వైసులో కొంచెము వంచి, కోయవలసిన గీత నిటారుగా నిలుచునట్లు బిగింపుడు. అప్పుడు రంపమును వంచనక్కరలేదు. పారవేయవలసిన కొయ్యవైపున గీతను తాకుచు కోయుడు. గీతను మ్రింగరాదు. సందులలోని కొయ్యను ఉలితో సగము ఒక ముఖమునుండి, సగము మరియొక ముఖమునుండి తీయుడు. ఆపుగీత వద్ద ఉలిని ముఖమునకు సూటిగా నిలుపక, కొన ఎంత వాలియున్నదో అంతే, అనగా సుమారు 8½ డిగ్రీలు, వాల్చి పట్టవలయును. కొనతో సమానముగా వాలు కోసిన ఒక కొయ్యదిమ్మెను ఆపుగీతపై బిగించి, ఉలి వీపును దానికానించి దింపినచో చేయి తప్పదు.

7. పిన్నుల గీతలు. పిన్నుల పలకను దాని కొన బల్లవలె చదునుగా నుండునట్లు వైసులో వాల్చి బిగింపుడు. తోకల పలక లోపలి ముఖమును దానిపై పెట్టి, అంచులు అంచులతోను, ఆపుగీత పిన్నుల పలక లోపలి ముఖముతోను సరిగా కలియునట్లు చూచి, తోకల చుట్టును కత్తితో గీయుడు. కొలతలను నమ్ముటకంటె తోకను చూచి పిన్నును గీయుట మేలు. తోకలో ఒక వెంట్రుకవాసి లోపమున్నను పిన్ను దానినే అనుసరించును. కొనపై వచ్చిన గీతలనుండి రెండు ముఖములపై అంచునకు సమాంతరముగా ఆపుగీతవరకు గీయుడు. ఇచ్చటను ఆధారము అంచే.

8. కూర్పు. పూర్తిగా దిగగొట్టి చూడకుడు. సగము దించి, ఎచ్చట బిగువుగా నున్నదో మెరుగు పడిన చోటులను బట్టి తెలిసికొని, పిన్నును మాత్రమే ఉలితో గీకుడు. సరిపోయిన పిదప బంక పూసి, పలక అంచునకు సమాంతరమైన దిక్కున కొడతితో తట్టుడు. కొడతికిని తోకలకును నడుమ ఒక పనికిరాని కొయ్యముక్క నుంచుడు. వాలు ముఖములపై క్లాంపు నిలువక జారును. కోసి మిగిలిన త్రిభుజపు ముక్కలను అడ్డుపెట్టినచో నిలుచును. కావున ఆ ముక్కలను పారవేయకుడు. చివరకు కర్ణములు రెండును సమానముగా నున్నవో లేవో కొలిచి చూడుడు.

తప్పులను గుర్తించుట

అతుకు పూర్తియైన తరువాత దాని లోపములు మనకు పాఠము చెప్పును. వెలుపల తాకి లోపల సందున్నచో కొన 90 డిగ్రీలకు కోయబడినదని అర్థము. తోకలు దిగి నాలుగు అంచులు ఒకే సమతలమున లేకున్నచో పిన్నులు గీయునాడు పలక జరిగినదని అర్థము. నాలుగు మూలలలో మూడు చక్కగా కూడి నాలుగవది విడిచినచో, ఆ మూలలో తప్పు లేదు. తక్కిన మూడింటిలోని చిన్న చిన్న తప్పులన్నియు అచ్చటికి చేరినవి. అట్టి సందును బంకతోను, కొయ్యపొడితోను నింపి దాచువారు కలరు. మేమును ఒకమారు దాచితిమి. ఏడాది తిరుగునప్పటికి పొడి రాలి సందు బయటపడినది.

ఈ పాఠము మనకేల?

1880లో జాన్ టెయిలర్ కంపెనీ ఇచ్చట పని చేపట్టినది మొదలు చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతములనుండి మన పెద్దలనేకులు ఈ గనులకు వచ్చిరి. 1902లో శివసముద్రమునుండి విద్యుత్తు ఇచ్చటికి వచ్చినది. గనులు 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినవి. 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. గనులతో పాటు ఆ గనుల చుట్టు బ్రతికిన చేతిపనులలో అనేకము చెదరినవి. నేడు వేకువనే రైలెక్కి బెంగుళూరునకు పోయి రాత్రి తిరిగివచ్చు తండ్రులు, అన్నలు మన యిండ్లలో ఎందరో కలరు. వారి తాతలకు తెలిసిన పని వారికి తెలియదు; తెలిసికొనుటకు వారికి తీరికయు లేదు.

ఇందు మనకు నష్టమెక్కడ? తొట్టిని ప్లాస్టికుతోనో, రేకుతోనో చేయవచ్చును. మనము ఆకలితో ఉండము. కాని మా తరగతిలో ఒక సంగతిని మేము పలుమారు చూచితిమి. త్రికోణమితిలో ముందుండు బాలునకు 13కు 5 అను వాలును పలకపై గీయుమన్నచో చేయి ఆడదు. వడ్రంగము చేయు ఇంటి బాలుడు ఆ వాలును కన్నుమూసి గీయును గాని, పరీక్షలో ఆ లెక్క వచ్చినప్పుడు తనకు రాదని విడిచిపెట్టును. ఇద్దరికిని తెలిసినది ఒక్కటే. తమకు తెలిసినదే రెండవవాడు చేయుచున్నాడని ఇద్దరికిని తెలియదు. ఈ రెంటిని కలుపవలసిన చోటు పాఠశాల. కలుపవలసిన భాష, ఆ బాలుడు తన తండ్రితో పని దగ్గర మాటలాడు భాష.

మనము ఈ సీమలో అల్పసంఖ్యాకుల భాషవారము. అయినను పని దగ్గర మాటలకు కంచెలు లేవు. ఉలిని తెలుగువారు ఉలి యందురు. కన్నడిగులును, తమిళులును స్వల్పభేదముతో అదే మాట పలుకుదురు. ఒకే బెంచీ దగ్గర మూడు భాషలవారు నిలిచి పనిచేసిన ఊరు మనది. పొరుగువారి మాటలను నేర్చుకొనవలయును. మన మాటలను మరువకయు నుండవలయును. ఒక పనిముట్టును వాడుట మానినచో కొంతకాలమునకు దాని పేరును పోవును. పేరు పోయినదానిని గురించి పిల్లవాడు ఎవరిని, ఏమని అడుగగలడు?

ఆ పిండిమర తొట్టిని చేసిన ఆచారి చదువుకొన్నవాడు కాడు. 'వాలు ఎట్లు తెలిసినది తాతా?' యని మేమడుగగా, 'అంచును విడువకు నాయనా, తక్కినది అదే చెప్పును' అని మాత్రము బదులిచ్చెను. ఆనాడు ఆ మాట మాకు బోధపడలేదు. రెండు తట్టలు చెడిన తరువాత బోధపడినది. మీకు ఒక తట్టయైనను చెడకుండ బోధపడవలెనని ఈ పాఠము వ్రాసితిమి. ఒకటి చెడినను చింత లేదు. ఆ చెడినదానిని దాచక తరగతికి తెండు.

అభ్యాసము

1. ఎత్తు 4, వెలుపలి వాలు 3, వాలు వెడల్పు 5 గల తొట్టికి కొన కోత వాలు ఎంత? అంచు కోతకు బెవెల్‌ను ఏ కొలతతో అమర్చవలయును?

2. వెలుపలి వాలు సున్నయైనచో పైన చెప్పిన గీతలన్నియు మామూలు పెట్టె గీతలుగా మారునని చూపుడు.

3. మన తట్ట మూలగీత పొడవు 13.9 సెంటీమీటర్లకు కొంచెము మించునని లెక్క వేయుడు. నేలతో పలక చేయు కోణము సుమారు 67.4 డిగ్రీలు కాగా, మూలగీత చేయు కోణము సుమారు 59½ డిగ్రీలు మాత్రమే. ఈ భేదమునకు కారణమును రీఫు ఉదాహరణముతో వివరింపుడు.

4. మీ ఇంట గాని, వీధిలో గాని కొయ్యపని తెలిసిన పెద్దలను దర్శించి, వారి పనిముట్ల పేర్లను వారు పలికినట్లే వ్రాసికొని రండు. పొరుగింటి కన్నడ, తమిళ, ఉర్దూ మాటలను వాని ప్రక్కన వ్రాయుడు. వానినన్నిటిని చేర్చి మన పాఠశాల గోడపై ఒక పట్టికగా వ్రేలాడదీయుదము.